ముగ్గురికీ ఒకే సాఫ్ట్‌వేర్ వద్దు: సరుకు ఎక్కడ చేతులు మారుతుందో ముందు చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రాజమండ్రిలో మీకు ఎఫ్‌ఎంసీజీ (సబ్బులు, బిస్కెట్ల లాంటి రోజువారీ సరుకు) డిస్ట్రిబ్యూషన్ ఉంది, నాలుగు టాటా ఏస్‌లు, రోజుకు వందకు పైగా షాపులు. మీ చెల్లెలు ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. మీ బావగారు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో డిస్పాచ్ చూస్తారు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్ అతను వచ్చి, చిన్నా పెద్దా అందరికీ ఒకటే ప్యాకేజీ, ముగ్గురూ తీసుకుంటే డిస్కౌంట్ ఇస్తానన్నాడు. తీసుకోవచ్చా అని.

వద్దండి. ఎందుకు వద్దో, ఎవరికి ఏది సరిపోతుందో వివరంగా చెబుతాను.

నేను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ దగ్గర పని మొదలుపెట్టి, తర్వాత గోడౌన్లు చూసి, ఇప్పుడు కంపెనీలకు ఈ సాఫ్ట్‌వేర్లు పెట్టించే పనిలో ఉన్నాను. లాజిస్టిక్స్‌లో వ్యాపారం సైజును టర్నోవర్‌తో కొలిస్తే తప్పుడు టూల్ కొంటారు. మీ దగ్గర బయల్దేరిన సరుకు కొన్నవాళ్ళకు చేరేలోపు ఎన్నిసార్లు చేతులు మారుతుందో, మారిన ప్రతిసారీ లెక్క ఎవరు చెప్పాలో చూడండి. దాన్ని బట్టే టూల్. సరుకు తగ్గేదీ, గొడవ వచ్చేదీ దాదాపు ఎప్పుడూ ఆ చోట్లలోనే. గోడౌన్‌లో అబ్బాయి పది కేసులు ఎక్కించానంటాడు, షాపాయన తొమ్మిదే దిగాయంటాడు, మధ్యలో డ్రైవర్ నలిగిపోతాడు. ఆ నిమిషంలో అక్కడున్న మనిషి చేతిలోని ఫోన్‌లో పనిచేసే టూల్ మీకు డబ్బు మిగులుస్తుంది. మీ లాప్‌టాప్‌లో కనిపించే గ్రాఫ్‌లు ఆ తర్వాతి సంగతి.

ముందు మీ చెల్లెలి విషయం, అది తేలిక. ఆవిడ సరుకు చేతులు మారేది ఒక్క చోటే, ఇంటి గుమ్మం దగ్గర కొరియర్ అబ్బాయికి ఇచ్చేటప్పుడు. ఆర్డర్లకు గూగుల్ షీట్ ఒకటి, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్, షిప్‌రాకెట్, నింబస్‌పోస్ట్ లాంటి కొరియర్ అగ్రిగేటర్‌లో ఒక ఖాతా. ఇవి చాలు. ఏ పిన్‌కోడ్‌కి ఏ కొరియర్ వెళ్తుందో, రేటెంతో అగ్రిగేటర్ ఒకే స్క్రీన్ మీద చూపించి లేబుల్ కూడా ఇస్తుంది. ఆర్డర్లు పెరిగాక 4 × 6 అంగుళాల థర్మల్ లేబుల్ ప్రింటర్ కొనమనండి, ఇంకు ఖర్చు ఉండదు.

ఆవిడకు అసలు డబ్బు పోయేది పెట్టె సైజులో. కొరియర్లు అసలు బరువు, వాల్యూమెట్రిక్ బరువు రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలామంది 5000తో భాగిస్తారు. 30 × 30 × 20 పెట్టె అయితే 18,000ను 5000తో భాగించాలి, అంటే 3.6 కిలోలు. లోపల పూతరేకులు కిలోన్నరే ఉన్నా బిల్లు 3.6 మీదే పడుతుంది. అదే పెట్టె ఎత్తు 12కి తగ్గితే 2.16 కిలోలు. పూతరేకులు తేలిక కాబట్టి ఈ దెబ్బ ఆవిడకు పచ్చళ్ళు అమ్మేవాళ్ళ కంటే ఎక్కువ తగులుతుంది. రెండు మూడు సైజుల పెట్టెలు సరిగ్గా కొలిచి చేయించుకుంటే ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ మిగులుతుంది. ప్యాక్ చేశాక పెట్టెను కాటా మీద పెట్టి, పక్కన టేపు కనిపించేలా ఒక ఫొటో తీసి ఉంచమనండి. తర్వాత కొరియర్ వాళ్ళు బరువు ఎక్కువని డబ్బు కోస్తే, వివాదం పెట్టడానికి ఆ ఫొటోనే ఆధారం. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం ఆపేయమనండి. చీర తిరిగొస్తే మళ్ళీ అమ్ముకోవచ్చు, పూతరేకులు తిరిగొస్తే పారేయడమే.

ఇక మీ విషయం. ముగ్గురిలో మీదే ఎక్కువ చిక్కు, ఎందుకంటే సరుకు ఒకవైపే పోదు, వెనక్కి కూడా వస్తుంది. కంపెనీ డిపో నుంచి మీ గోడౌన్‌కి, గోడౌన్ నుంచి బండికి, బండి నుంచి షాపుకి. మళ్ళీ షాపు నుంచి డామేజ్, ఎక్స్‌పైరీ, "ఇది నేను ఆర్డర్ పెట్టలేదు" అన్న సరుకు బండికి, బండి నుంచి గోడౌన్‌కి. పైగా మీరు నాలుగైదు కంపెనీల సరుకు పట్టి ఉంటారు. ఒక్కో కంపెనీ తన డిస్ట్రిబ్యూటర్ సాఫ్ట్‌వేర్ తానే ఇస్తుంది, సేల్స్‌మన్‌కి బిజోమ్, ఫీల్డ్‌అసిస్ట్ లాంటి ఆర్డర్ యాప్ ఇస్తుంది. కంపెనీకి తన సరుకు వరకే కావాలి. కానీ మీ బండి ఒకటే, డ్రైవర్ ఒకడే, షాపూ ఒకటే. అన్ని కంపెనీల బిల్లులు కలిసి ఒక బండిలోకి ఎక్కే ఆ చోటుకి ఎవరి సాఫ్ట్‌వేరూ లేదు. మీకు కావలసిన టూల్ అక్కడే.

మొదటి పని లోడింగ్ షీట్. రాత్రి బిల్లింగ్ అయ్యాక, బండి వారీగా, ఏ ఐటమ్ మొత్తం ఎన్ని కేసులు, విడిగా ఎన్ని పీసులు అన్నది ఒకే కాగితం మీదకు రావాలి. ఒక్కో సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్ తీసి ఒక షీట్‌లో కలిపితే ఇది వచ్చేస్తుంది, కొత్తది కొనక్కర్లేదు. కేసు అంటే ఒకచోట 24 పీసులు, ఇంకోచోట 36, ఆఫర్ ప్యాక్ వస్తే 40. ఈ పట్టిక ఒకరి చేతిలోనే ఉండాలి, ఆఫర్ మారిన రోజే మార్చాలి. మీ స్టాక్ తేడాల్లో సగం దొంగతనం అని మీరు అనుమానిస్తూ ఉంటే, ముందు ఈ పట్టిక ఒకసారి సరిచూడండి. పాపం, గోడౌన్ కుర్రాళ్ళ మీద పడే నిందల్లో చాలా వాటికి మూలం ఇక్కడే కనబడింది నాకు.

టాలీ తీసేయకండి. సేల్స్ అతను తీసేయమనే చెబుతాడు. టాలీలో గోడౌన్ వారీ స్టాక్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ, రీఆర్డర్ లెవెల్ అన్నీ ఉన్నాయి, చాలామంది ఆన్ చేసుకోరంతే. నాలుగు బండ్లనూ నాలుగు గోడౌన్లుగా టాలీలో తెరవండి. పొద్దున ఎక్కించింది బండి గోడౌన్‌కి ట్రాన్స్‌ఫర్, షాపుల బిల్లులు ఆ బండి గోడౌన్ నుంచే, సాయంత్రం తిరిగొచ్చింది వెనక్కి ట్రాన్స్‌ఫర్. రాత్రికి బండి గోడౌన్‌లో సున్నా ఉండాలి. లేకపోతే ఆ తేడా ఏ బండిదో, ఏ ఐటమో ఆ రాత్రే తెలుస్తుంది, నెలాఖరు దాకా ఆగక్కర్లేదు.

రెండోది డెలివరీ రుజువు, మన వాళ్ళు పీఓడీ అంటారు. దీన్ని దగ్గర నుంచి చూడండి. మధ్యాహ్నం ఒంటిగంట. షాపులో రద్దీ. డ్రైవర్ కేసులు దించాడు, షాపాయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండా బిల్లు మీద సంతకం గీకాడు. సాయంత్రం ఫోన్ వస్తుంది, రెండు కేసులు తక్కువ అని. ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి? మీకు ఆ షాపు కావాలి, డ్రైవరూ కావాలి. చివరికి రెండు కేసుల డబ్బు మీరే వదులుకుంటారు, ప్రతి వారం. దీనికి మందు చిన్నది. షాపాయన కేసులు లెక్కపెట్టి, అందిన సంఖ్య బిల్లు మీద పెన్నుతో రాసి, సంతకం, స్టాంపు వేశాక, బండి కదిలే ముందే డ్రైవర్ ఫొటో తీసి పంపాలి. తక్కువ వస్తే ఆ బిల్లు మీదే "2 కేసులు తక్కువ" అని రాయించాలి. దీనికి గూగుల్ ఫామ్ ఒకటి సరిపోతుంది: బిల్లు నంబరు, ఫొటో, తక్కువ ఎంత, రిటర్న్ ఎంత, క్యాష్ ఎంత, యూపీఐ ఎంత. ఫొటో అప్‌లోడ్‌కి జీమెయిల్ లాగిన్ ఉండాలి, డ్రైవర్ల ఫోన్లలో ఎలాగూ ఉంటుంది. ఒక నెల ఇలా నడిపాక, ఏ ప్రశ్నలు అక్కర్లేదో ఏవి చేర్చాలో మీకే తెలుస్తుంది. అప్పుడు డెలివరీ యాప్ కొనండి. అప్పుడు మీరు అడిగింది వాళ్ళు చూపిస్తారు, వాళ్ళు చూపించింది మీరు కొనరు.

రూట్ ప్లానింగ్ గురించి చాలా గొప్పగా చెబుతారు. మీ బీట్లు, అంటే ఏ రోజు ఏ షాపులు తిరగాలో ఆ వరుసలు, వారానికి ఇన్ని రోజులని కట్టి ఉన్నవే, డ్రైవర్‌కి ప్రతి సందూ తెలుసు. రోజూ కంప్యూటర్‌తో దారి వేయించుకుంటే మిగిలేది తక్కువ. కానీ బీట్లు తిరగ్గీసేటప్పుడు, కొత్త షాపులు చేరాకనో ఒక బండి తగ్గించాలనుకున్నప్పుడో, అది బాగా పనికొస్తుంది. దానికి ముందు షాపుల లొకేషన్లు కావాలి. "రామాలయం వీధి, వాటర్ ట్యాంకు పక్కన" అన్న అడ్రసుతో ఏ సాఫ్ట్‌వేరూ దారి వేయలేదు. డ్రైవర్ షాపు ముందు నిలబడి ఫోన్‌లో లొకేషన్ పిన్ పంపితే ఒక విడత బీట్లు తిరిగేసరికి అన్నీ వచ్చేస్తాయి. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ కూడా రాసి పెట్టుకోండి. 10 అక్షరాల కోడ్, దాదాపు 4 మీటర్ల గడిని చూపిస్తుంది.

మీ ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. కోటిపల్లి రేవులో నిలబడితే గోదావరి అవతల ముక్తేశ్వరం కంటికి కనిపిస్తుంది. పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) ఉంది గానీ దాన్ని నమ్ముకుని బీట్ వేయలేం, బండి యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీదుగానో రావులపాలెం మీదుగానో తిరిగి వెళ్ళాలి. గీత గీసినట్టు నేరుగా దూరం కొలిచే చౌక సాఫ్ట్‌వేర్లు ఈ రెండు ఊళ్ళనీ ఒకే బీట్‌లో పడేస్తాయి. కోనసీమ అంతా పాయలు, కాలువలే. అందుకని డెమోలో ఈ రెండు ఊళ్ళే ఇచ్చి చూడండి. గూగుల్ మ్యాప్స్ రోడ్డు దూరమే చూపిస్తుంది. కానీ ఒక ట్రిప్పుకి పది స్టాపుల దాకానే పెట్టనిస్తుంది, ఏది ముందో ఏది వెనకో తనంతట తాను సర్దదు. ఊళ్ళలోకి పగటిపూట లారీలకు నో ఎంట్రీ వేళలు ఉంటాయన్నది కూడా దానికి పట్టదు. ఇంట్లో ప్రోగ్రామింగ్ తెలిసిన పిల్లలుంటే గూగుల్ వారి ఓఆర్-టూల్స్, వ్రూమ్ ఉచితంగా దొరుకుతాయి. బీట్లు గీయడానికి అవి బాగానే సరిపోతాయి.

బండ్లకు జీపీఎస్ పెట్టుకోవాలా అని విడిగా అడిగారు. పెట్టుకోండి, కానీ పీఓడీ తర్వాత. బండి ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది, బండిలోంచి ఎన్ని కేసులు దిగాయో చెప్పదు. ట్రాకార్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చాలా రకాల పరికరాలతో పనిచేస్తుంది. నాలుగు బండ్లకు నెలనెలా చందా కట్టడం ఇష్టం లేకపోతే అది చూడండి, సర్వర్ చూసుకునే మనిషి మాత్రం ఉండాలి. పెట్టే ముందు డ్రైవర్లతో కూర్చుని ఎందుకు పెడుతున్నారో చెప్పండి. చెప్పకుండా పెడితే మొదటి వారంలోనే వైర్లు ఊడతాయి.

మీకూ మీ బావగారికీ కలిసే విషయం ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే కావాలి. 2018 ఏప్రిల్ 15న రాష్ట్రం లోపలి రవాణాకి దీన్ని మొదలుపెట్టిన తొలి రాష్ట్రాల్లో మన ఆంధ్ర, తెలంగాణ రెండూ ఉన్నాయి. మామూలు సరుకుకి ప్రతి 200 కిలోమీటర్లకు, లేదా అందులో మిగిలిన భాగానికి, ఒక రోజు గడువు. పగలు ఏ టెన్షనూ ఉండదు. రాత్రి రెండింటికి సూర్యాపేట దాటాక లారీ ఆగిపోయి, సరుకు ఇంకో లారీలోకి మార్చినప్పుడు తెలుస్తుంది. ఈ-వే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించకుండా బయల్దేరితే, పట్టుకుంటే బండి ఆపేస్తారు, పన్నుకి రెండింతలు జరిమానా. గడువు పొడిగించాలంటే అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపే వీలు. పైగా 2025 ఏప్రిల్ 1 నుంచి పోర్టల్ లాగిన్‌కి అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. ఓటీపీ యజమాని ఫోన్‌కి వస్తుంది, యజమాని నిద్రలో ఉంటాడు, డ్రైవర్ రోడ్డు మీద ఉంటాడు. కాబట్టి రాత్రి డ్యూటీ మనిషికి తన సొంత నంబరుతో సబ్-యూజర్ ఖాతా ఈరోజే తెరిచి పెట్టండి. పైసా ఖర్చు లేదు. మీ టర్నోవర్ 5 కోట్లు దాటి ఉంటే 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) కూడా మీకు వర్తిస్తుంది. ఆ వివరాలతోనే ఈ-వే బిల్లు కూడా తీసే ఏర్పాటు ఉంది. మీరు కొనే ఏ సాఫ్ట్‌వేర్ అయినా రెండూ ఒకే నొక్కుతో చేయాలి, మళ్ళీ టైపు చేయించకూడదు.

మీ బావగారి లోకం వేరు. అక్కడ సరుకుతో పాటు బాధ్యత కూడా చేతులు మారుతుంది, ఏళ్ళ తర్వాత ఆడిటర్ వచ్చి అడిగినా కాగితం చూపించాలి. ఇన్సులిన్, టీకాల లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ప్రయాణమంతా చల్లగా ఉన్న లాట్ కూడా, సరుకు ఎక్కించే డాక్ దగ్గర రీఫర్ (చల్లగా ఉంచే లారీ) తలుపు తీసి పెట్టి కాగితాల కోసం ఎదురుచూసిన ఆ కాసేపట్లో వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్ పెట్టేది ఎక్కడ, రీఫర్‌ను లోడింగ్‌కి ముందే చల్లబరిచారా, ఆ రీడింగ్ ఎవరి సంతకంతో సిస్టమ్‌లోకి ఎక్కింది? సాఫ్ట్‌వేర్ వీటికి జవాబివ్వాలి. అమెరికాకి ఎగుమతి ఉంటే అక్కడి 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధన ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో చెరగకుండా నిలవాలి. ఐరోపాకి పంపేవాటిలో చాలా ప్రిస్క్రిప్షన్ మందులకు 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి ప్యాక్ మీదా విడి కోడ్ ఉండాలి. మన దేశంలో కూడా 2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రధాన బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ప్యాక్, కార్టన్, షిప్పర్ (కార్టన్లు పట్టే పెద్ద పెట్టె), ప్యాలెట్ (ఆ పెట్టెలు పేర్చే పలక) ఒకదానిలో ఒకటిగా సిస్టమ్‌లో ముడిపడి ఉంటాయి. ఎవరో ఒక షిప్పర్ విప్పి ఒక కార్టన్ తీసి స్కాన్ చేయడం మరిచారా, ఆ ప్యాలెట్ మొత్తం అవతలి దేశంలో ఆగిపోతుంది.

ఇక్కడ ఎస్‌ఏపీ, ఒరాకిల్, బ్లూ యాండర్ లాంటివి, రవాణా వరకు షిప్సీ, ఫ్రైట్ టైగర్ లాంటి మన దేశపు ప్లాట్‌ఫామ్‌లు వాడతారు. నిర్ణయం ఆయన ఒక్కరి చేతిలో ఉండదు, క్వాలిటీ విభాగం ఒప్పుకోవాలి. ఆయనకు ఉపయోగపడే ఉచిత వనరులు కొన్ని ఉన్నాయి. కంటైనర్ నంబరు కొడితే రేవుకి చేరిందో లేదో లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ చూపిస్తుంది, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) స్థితి కస్టమ్స్ వారి పోర్టల్ ఐస్‌గేట్‌లో దొరుకుతుంది. 2022 సెప్టెంబర్ 17న జాతీయ లాజిస్టిక్స్ విధానంతో పాటు వచ్చిన యులిప్ అనే ప్రభుత్వ వేదిక ద్వారా వాహన్ (బండ్ల రిజిస్ట్రేషన్), ఫాస్టాగ్ లాంటి ప్రభుత్వ వ్యవస్థల సమాచారాన్ని కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోకే తెచ్చుకోవచ్చు. కిరాయి లారీలకు మన జీపీఎస్ ఉండదు కాబట్టి, లారీ ఏ టోల్ దాటిందన్న ఫాస్టాగ్ సమాచారం బాగా ఉపయోగం. డ్రైవర్ ఒప్పుకుంటే సిమ్ ద్వారా కూడా చూడొచ్చు. మామూలు బటన్ ఫోన్‌కి కూడా అది పనిచేస్తుంది, అయితే టవర్‌ని బట్టి చూపించేది కాబట్టి కచ్చితత్వం తక్కువ.

ఇప్పుడు చెప్పండి, పూతరేకుల పెట్టెకీ ప్యాలెట్ స్కానింగ్‌కీ ఒకటే ప్యాకేజీ అన్నవాడు ఈ రెండిట్లో ఏ పని చూసి ఉంటాడు?

మీ వరకు కొనే సమయం వచ్చాక, వాళ్ళ డెమో డేటా చూడకండి. మీ ఒక రోజు బిల్లులు ఇచ్చి, వాటితో చేసి చూపించమనండి. మంచి బిల్లులు ఇవ్వకండి. సగం తిరిగొచ్చినది, ఆఫర్ ప్యాక్ ఉన్నది, షాపు మూసి ఉండి మర్నాటికి వాయిదా పడినది, సగం క్యాష్ సగం యూపీఐ వచ్చినది ఏరి ఇవ్వండి. మీ డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టి అతని ఫోన్‌లోనే చేయించండి. సిగ్నల్ లేని చోట నొక్కింది సిగ్నల్ వచ్చాక తనంతట తానే వెళ్తుందా, తెలుగులో ఉందా, ఒక్కో షాపుకి ఎన్ని నొక్కులు పడుతున్నాయి అన్నవి చూడండి. చందా మనిషికా, బండికా, బిల్లుకా అడగండి. బిల్లుకైతే పండగ నెలలో ఎంత అవుతుందో లెక్క వేసుకోండి. మానేసిన రోజున మన డేటా మొత్తం ఎక్సెల్‌లో ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు. ఇవన్నీ దాటితే జోహో ఇన్వెంటరీ గానీ, మార్గ్ గానీ, ఓపెన్ సోర్స్ ఈఆర్‌పీనెక్స్ట్ గానీ మీ సైజుకి సరిపోతాయి. ఓడూ కూడా మంచిదే, దాని ఉచిత ఎడిషన్‌లో స్టాక్ ఉంటుంది కానీ బార్‌కోడ్ యాప్ డబ్బు కట్టే ఎడిషన్‌లోనే వస్తుంది, ముందే తెలుసుకుని దిగండి.

మొదలుపెట్టేటప్పుడు ఒక్క బండి, ఒక్క బీట్‌తో మొదలుపెట్టండి. అందరికన్నా బాగా ఫోన్ వాడే డ్రైవర్‌ని ఎంచుకోకండి, మధ్యస్తంగా వాడేవాణ్ణి పెట్టండి, అతనికి కుదిరితే మిగతా ముగ్గురికీ కుదురుతుంది. మార్చి నెలాఖరులోనూ సంక్రాంతి ముందూ అసలు ముట్టుకోవద్దు. ఏప్రిల్ మొదట్లో ఓపెనింగ్ స్టాక్ ఎలాగూ చేత్తో లెక్కపెడతారు, ఆ లెక్కనే కొత్తదాంట్లోకి ఎక్కించండి. ఈలోగా బండ్లను టాలీలో గోడౌన్లుగా తెరవడం, పీఓడీ ఫామ్, సబ్-యూజర్ ఖాతా ఈ వారమే చేసుకోవచ్చు. ఒక నెల అయ్యాక పీఓడీ ఫామ్‌లో "తక్కువ" అని వచ్చినవి ఏ బండివి, ఏ కంపెనీ సరుకువి అన్నది ఇక్కడే రాయండి. ఏ యాప్ కొనాలో అప్పుడు పేరు పెట్టి చెప్పగలను.